పూలబేరము

"పూలు కోయడం. అయిదు గళ్లు," అని పైకి చదివి, పీర్ సాహెబ్ పెన్ను మూత తీశాడు.

పక్క కుర్చీలో ఉన్న బ్రహ్మాజీ మాస్టారు మెడ చాచి పేపర్లోని గళ్లనుడికట్టు చూశాడు.

"ఇంకేముంటది మాస్టారూ, పూలబేరము," అంటూ పీర్ సాహెబ్ అయిదు గళ్లూ నింపేశాడు. పెన్సిలుతో కూడా కాదు, దిట్టంగా నల్ల ఇంకుతో.

మాస్టారి ముఖం కందగడ్డ అయింది.

"త... తప్పు," అంటూ ఎడమచేత్తో కుర్చీ మీద ఒక్కటి చరిచాడు. ఆ అదురుకి కుర్చీ చేతి మీది టీ గ్లాసు కింద పడి పగిలింది.

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. కూతురు లక్ష్మీతిరుపతమ్మ వసారాలోకి వచ్చింది.

బ్రహ్మాజీ రొంపిచెర్ల హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు ఒక్క దీర్ఘం మింగినా ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, నోటిమాటా పోయాయి. మాట్లాడిస్తూ ఉండాలి, బీపీ పెరగకూడదు అని పేట ఆసుపత్రిలో డాక్టరు మరీమరీ చెప్పాడు.

మాట్లాడించడం తిరుపతమ్మ వల్ల కాలేదు. ఏం అడిగినా ఆయన గోడకేసి చూసేవాడు. ప్రాణంలా చూసుకునే గళ్లనుడికట్టు తెచ్చి ముందు పెట్టినా ముట్టుకోలేదు. కనీసం బీపీ అయినా పెరగకుండా చూసుకోవాలని ఆమె పట్టుదల.

మధ్యలో ఈ పీర్ సాహెబ్ తగిలాడు. వీధి చివర ఇంట్లో ఉండే ఫర్హీన్ వాళ్ల నాన్న. ఆసుపత్రి పని మీద మాచర్ల నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్నాడు. ఓ రోజు "పేపరు చూసిస్తానమ్మా" అని వసారా ఎక్కాడు. ఇక రోజూ అదే వరస. ఏనుగు తోలేవాడెవరంటే 'డ్రైవరు' అని రాశాడు. చంద్రుడి భార్య ఎవరంటే 'చంద్రమ్మ' అన్నాడు. రాసిన ప్రతిసారీ మాస్టారు ఉడికిపోవడమే.

"సాయిబుగారూ, ఏంది మీ గోల?" అంది తిరుపతమ్మ. "తెలియకపోతే ఊరుకోవాలి గాని, రోజూ తప్పులు రాసి ఆయన్ని ఉడికిస్తే మీకేమొస్తది?"

"తెలియకనే గదమ్మా మాస్టారిని అడిగేది."

"నోట మాట రాని మనిషితో ఎగతాళి ఏంది? ఆయనకేమన్నా అయితే మీరు తెచ్చిస్తారా మా నాన్నని?"

పీర్ సాహెబ్ గాజుపెంకులు ఏరి గోడవార పెట్టాడు. పేపరు మాస్టారి ఒళ్లో ఉంచి చెప్పులు వేసుకున్నాడు.

"ఇంక రామాకండి."

"అట్లాగేనమ్మా."

రాలేదు. మాస్టారు గేటు వైపు చూస్తూ కూర్చునేవాడు. పేపరు మడత కూడా విప్పలేదు. పీడ విరగడైందనుకుంది తిరుపతమ్మ.

తర్వాతి వారం ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"మాస్టారూ, ఏం చేస్తున్నారు ఇంట్లో?" అని డాక్టరు మామూలుగా అడిగాడు.

"తప్పులు... దిద్దు...తున్నా," అన్నాడు మాస్టారు.

తిరుపతమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"మాట తిరుగుతోందే. ఎవరమ్మా మాట్లాడించింది? ఆపమాకండి. ఆపితే వచ్చింది కూడా పోతుంది," అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బేరం కాదు... పుష్పా...పచయం. సాయిబుని... పిలువు."

ఇన్నాళ్లూ మిషను చప్పుడులో తిరుపతమ్మకు వినపడింది అరుపులే. ఆ అరుపుల వెనక మాటలు వస్తున్నాయని తెలుసుకోలేకపోయింది.

నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, నేరుగా ఫర్హీన్ ఇంటికి నడిచింది.

"అమ్మాయ్, మీ నాన్నని ఒకసారి పంపించు. నోరు జారాను, తప్పు నాదే. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా."

ఫర్హీన్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"జబ్బు ముదిరితే మాచర్ల తీసుకెళ్లాం. శుక్రవారం పోయాడక్కా. అక్కడే మట్టి చేశాం. నిన్ననే వచ్చాను నేను."

తిరుపతమ్మ గడప మీదే కూర్చుండిపోయింది.

"అన్ని తప్పులు రాసినా, ఆ మనిషి వల్లే మా నాన్నకి మాటొచ్చింది. పాపం, చదువు లేకపోయినా..."

"మా నాన్న తప్పులు రాశాడా?" అంది ఫర్హీన్ వింతగా చూస్తూ. "ఇన్నేళ్లుగా ఆ గళ్లనుడికట్టు కూర్చి ఆ పేపరుకి పంపేది ఆయనే గదక్కా."