మంచు పట్టిన ఫొటో

విల్సన్ మాస్టరు ఇంట్లో బల్ల మీద నాలుగు ఫొటోలు పరిచి ఉన్నాయి. మూడు బాలప్పవి, ఒకటి విల్సన్‌ది. ముద్దుకృష్ణ భూతద్దం తుడుచుకున్నాడు. కళ్ళు మండుతున్నాయి. పుంగనూరు పాలకేంద్రంలో ఆయన తెల్లవారుజామున మూడున్నరకే పనిలో ఉండాలి. పాలలో ఎవరు నీళ్ళు కలిపారో పట్టుకోవడం ఆయన పని.

"ఆడ పాలల్లో నీళ్ళు పడతాడు, ఈడ ఫొటోల్లో తప్పులు పడతాడు. ఆదివారమన్నా మమ్మల్ని వదలప్పా," అన్నాడు బాలప్ప. ఆయన కుప్పంలో రాళ్ళ క్వారీ మేస్త్రి.

ముద్దుకృష్ణ నవ్వలేదు. పదకొండేళ్ళ కిందట మదనపల్లెలో ఈ ఫొటోల క్లబ్బు పెట్టినప్పుడు పద్నాలుగు మంది ఉండేవారు. ఇప్పుడు ముగ్గురు మిగిలారు. ఫొటోలు కడిగే చీకటి గది, వాటిని పెద్దవి చేసే ఎన్‌లార్జరు విల్సన్‌వి. ఆయన మానేస్తే క్లబ్బు లేదు.

నియమాలు మొదట్లోనే ముద్దుకృష్ణ రాశాడు. తీర్పు చెప్పేది ఆయనే కాబట్టి తన ఫొటోలు బల్ల మీద పెట్టడు. తీసినవాడు తన ఫొటో గురించి నోరు విప్పకూడదు. ఎక్కడ, ఎప్పుడు, ఏమి తీసిందీ వెనక రాసి ఉంచాలి. తీర్పు అయ్యేదాకా ఎవరూ తిప్పి చూడకూడదు. చోటు తెలిస్తే కన్ను మోసపోతుందని ఆయన వాదన.

విల్సన్ భార్య ప్రభావతి టీ తెచ్చింది. వచ్చిన ఇద్దరికీ గాజు గ్లాసుల్లో ఇచ్చింది. భర్తది స్టీలు లోటాలో పోసి కిటికీ మీద పెట్టింది.

"మాస్టరుకు లోటా నిండా, మాకు ఇంతింతేనా అమ్మా?" అన్నాడు బాలప్ప.

"ఆయన లోటా ఆయనకేలే నాయినా," అని ఆమె లోపలికి వెళ్ళింది.

విల్సన్ తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు.

"మందునీళ్ళ ఘాటు పీల్చి పీల్చి ఇట్లయినావు. ఆ గదికి కిటికీ పెట్టించు మాస్టరూ," అన్నాడు బాలప్ప.

"డార్క్‌రూముకు కిటికీ పెడితే ఇంక అది డార్క్‌రూము యాడవుతాది బాలప్పా," అన్నాడు విల్సన్. మిషన్ స్కూల్లో డ్రాయింగు చెప్పే మనిషి. ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు.

బాలప్ప ఫొటోలు పది నిమిషాల్లో తేలిపోయాయి. ఒకదాంట్లో ఎద్దుకు తోక తెగింది. ఇంకోదాంట్లో ఎద్దు యజమానికి తల తెగింది. "రెండూ అతికిస్తే ఒక ఫొటో అవుతాదిలే," అని బాలప్పే తీర్పు చెప్పుకున్నాడు.

విల్సన్ తన ఫొటో ముందుకు జరిపాడు.

"ఈసారి నీ మాటను బట్టే ఉంటాది ముద్దుకృష్ణా. మూడు నెల్లు చూసి మళ్ళా తీసేదా, ఇంతటితో అన్నీ కట్టిపెట్టేదా."

ముద్దుకృష్ణ భూతద్దం పెట్టాడు. నల్లటి వాలు. దాని మీద వంపుగా, ఒకదాని కింద ఒకటిగా బూడిదరంగు చారలు, కొండవాలున చేలకు కట్టిన గట్ల మాదిరి. అడుగున లోయ ఉండాల్సిన చోట తెల్లటి మంచు. గట్లు ఆ మంచులోకి దిగి కనబడకుండా పోయాయి.

"తెట్టు ఊరికాడి కొండలా?" అన్నాడు బాలప్ప. ఫొటో అందుకుని తలకిందులు చేశాడు. "ఇట్లా పెడితే మబ్బు."

విల్సన్ ఫొటో తీసుకుని మొదటిలాగే తిప్పి పెట్టాడు. తర్వాత అడిగాడు.

"ఈ మంచు పోతాదా?"

"నియమం తప్పినావు మాస్టరూ," అన్నాడు బాలప్ప.

"ఒక్క మాటే గదప్పా."

ముద్దుకృష్ణ గడియారం చూశాడు. అయిదు గంటల బస్సుకు ఇంకా పావుగంట ఉంది. వేరే రోజయితే మంచు పలచబడేలా లెన్సుకు తొడిగే పసుపు ఫిల్టరు గురించి చెప్పేవాడు. ఇంకో గంట ఆగి పొద్దెక్కాక తీయమనేవాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత కునుకు కూడా పడలేదు. రెండేళ్ళుగా ఆయన తన కెమెరాలో రీలు వేయలేదు. ఆ సంగతి వీళ్ళిద్దరికీ చెప్పలేదు.

"పోదు," అన్నాడు. "పైపైన పట్టిన మంచు అయితే ఫిల్టరుకు పోతాది. ఇది లోపలిదాకా దిగుండాది. మూడు నెల్లు కాదు, మూడేండ్లు కాసుకున్నా ఈ చోట ఇదే వస్తాది. యాల ఈ తిప్పలు?"

"అయితే వదిలెయ్యమంటావా."

"వదిలెయ్ మాస్టరూ."

విల్సన్ తలూపాడు. వాదించలేదు. వేరే నెలల్లో మార్కు మార్కుకూ వాదించేవాడు. లేచి బీరువా తెరిచి ఫిల్టర్ల డబ్బా తీశాడు. తువ్వాలు అంచుతో దుమ్ము తుడిచి ముద్దుకృష్ణ సంచిలో పెట్టాడు.

"ఇదేంది?"

"నీకాడ ఉండనీ. పనికొస్తాయి."

ముద్దుకృష్ణ కారణం అడగలేదు. అడిగితే బస్సు తప్పుతుంది. ఫొటోల వెనక చదివే తీరిక లేక నాలుగూ సంచిలో వేసుకున్నాడు. వాకిట్లో ప్రభావతి నిలబడి ఉంది. ఏదో అడగబోయి, ఆయన ముఖం చూసి, "పోయి రా నాయినా," అంది.

బస్సు ఊరు దాటకముందే బాలప్ప నిద్రపోయాడు. ముద్దుకృష్ణ కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో క్లబ్బు రిజిస్టరు తెరిచాడు. ఇంకా వెలుగుంది. ఎద్దులకు మార్కులు వేశాడు. విల్సన్ పేరుకు ఎదురుగా 'పదికి మూడు. మళ్ళీ తీయనక్కర్లేదు' అని రాసి కింద సంతకం పెట్టాడు.

ఇంక చోటు, తేదీ రాయాలి. ముందు బాలప్పవి మూడూ తిప్పి చూశాడు. కుప్పం సంత, కుప్పం సంత, కుప్పం స్టేషను.

నాలుగోది తిప్పాడు. బస్సు కుదుపుతున్నా డ్రాయింగు మాస్టరు అక్షరాలు విడివిడిగానే ఉన్నాయి: 'ఆసుపత్రి ఎక్స్‌రే గది, 9 జూలై 1979, నా కుడి ఊపిరితిత్తి.'