పసుపు ప్రైమర్

సోంపేట మండలంలోని ఒక పంచాయతీ ఆఫీసుకి ఎవరో ముసలాయన కొత్త బోర్డు రాస్తున్నాడని తెలిసి, ఎజ్రా అన్నం సగంలో వదిలేసి బండెక్కాడు.

ఎజ్రా సోంపేటలో పెయింటరు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆఫీసు గోడలకు రంగు మారేది. రంగు మారినప్పుడల్లా ఎజ్రా ఇంట్లో కోడికూర ఉడికేది.

ఇప్పుడు కొత్త ఆర్డరు వచ్చింది. ప్రభుత్వ బోర్డు మీద ఏ పార్టీ రంగూ ఉండకూడదు, ఏ నాయకుడి బొమ్మా ఉండకూడదు. తెల్ల రేకు, నీలం అక్షరాలు, అంతే.

మండలంలో అలాంటి బోర్డులు ముప్పై నాలుగు. ఫ్లెక్సీలు వచ్చాక పని లేక పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో మూటలు మోస్తున్నాడు ఎజ్రా. ఆ ముప్పై నాలుగూ దొరికితే మళ్లీ కుంచె పట్టుకుని బతకొచ్చు.

అలాంటిది, మొదటి బోర్డే పరాయివాడి చేతిలో పడింది.

ముసలాయన ఆఫీసు అరుగు మీద కూర్చుని, సిమెంటు నేల మీద సుద్దముక్కతో అక్షరాలు వేసి చూసుకుంటున్నాడు. దారం పట్టలేదు. స్కేలు పెట్టలేదు. ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఎజ్రా ఒకటికి రెండుసార్లు వంగి చూశాడు. ఇరవై ఏళ్లయినా తనకి దారం లేనిదే వరస కుదరదు.

“ఏ వూరు మావా మీది?”

“టెక్కలి పక్కన బావూ. రామూర్తి అంతారు.”

“ఒక్క బోర్డుకి టెక్కలి నుంచి రావాలేటి? ఇక్కడ పెయింటర్లు సచ్చిపోనారేటి?”

ముసలాయన నవ్వాడు. “ఉన్నారు బావూ. ఉన్నారు గాబట్టే వచ్చినాను.”

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు ఎజ్రా. గోడకి ఆనించిన రేకు వైపు చూశాడు. పచ్చిగా మెరుస్తోంది.

“అదేటి, పసుపు కొట్టినావు?”

“ప్రైమరే గదా బావూ. తుప్పట్టకండా. రేపటికి ఆరిపోద్ది, పైన తెలుపు ఏసేత్తాను.” ముసలాయన చేతులు దులుపుకున్నాడు. “సర్కారు బోర్డంటే బస్టాండులో బెంచీ లాటిది. ఎవులైనా కూకోవాల. ఒకడి తువ్వాలు ఏసి ఉంచితే ఇంకోడు కూకోలేడు.”

మాట కూడా అక్షరంలాగే తిన్నగా ఉంది. అది ఇంకా మండించింది.

ఇంటికొచ్చి భార్య మగ్దలీనతో అన్నాడు. “దారం లేకండా రాసేత్తన్నాడే!”

“అయితే ఎల్లి నేర్సుకోరాదా?”

“పొరుగింటి పుల్లకూర రుసి గావాల నీకు!”

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాడు. ముసలాయన టీకి వెళ్లినట్టున్నాడు. రేకు ఇంకా పసుపుగానే ఉంది.

ఎజ్రా ఫోను తీసి ఫొటో కొట్టాడు. ఊళ్లో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు.

కింద ఒక్కటే రాశాడు: ‘తెల్ల బోర్డు అన్నారు. ఈ రంగు ఎవరిది?’

అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే నిప్పు త్వరగా అంటుకుంది.

అరగంటలో రెండు పార్టీల వాళ్లూ ఆఫీసు ముందు చేరారు. చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. ఎంపీడీవో వనజ జీపులో దిగింది.

“ఇది అడుగు కోటు తల్లీ,” అన్నాడు రామూర్తి. “పైన తెలుపే పడతాది. పెయింటు పని తెలిసినోడు ఎవుడైనా సెబుతాడు.”

అందరూ గుంపులో ఉన్న ఎజ్రా వైపు తిరిగారు.

“నానేటి సెప్పగల్ను?” అన్నాడు ఎజ్రా, నేల చూస్తూ. “ప్రైమరు తెల్లది కూడా దొరుకుతాది గదా.”

ముసలాయన అతని వేళ్లకేసి చూశాడు. గోళ్ల సందుల్లో ఏళ్లనాటి రంగు ఉంది. కుంచెలు కడిగి సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఎజ్రాకి గెలిచినట్టే అనిపించింది. ఆ పూట అన్నం మాత్రం సహించలేదు.

నాలుగో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మండలాఫీసుకి వెళ్లాడు.

“మేడమ్, ఆ ముప్పై నాలుగు బోర్డులూ నాకిప్పించండి. తెల్ల ప్రైమరే వాడతాను.”

వనజ తల ఎత్తింది.

“చేతిరాత బోర్డులు రద్దయిపోయాయి. మొన్నటి గొడవతో పైవాళ్లు భయపడ్డారు. ఇక అన్నీ ప్రింటు బోర్డులే, జిల్లా నుంచి వస్తాయి.”

ఎజ్రా ఒకడుగు ముందుకి వేశాడు.

“అయితే... ఆ ముసలాయనకి కూడా పని పోనాదా?”

“ఆయనకి పనెక్కడిది? కూలి కూడా తీసుకోనన్నారు. నమూనాకి ఒక్కటి రాసి చూపిస్తే, మిగతావి మీకు వదిలేద్దామని చెప్పారు.”

“మాకా?”

వనజ ఫైల్లోంచి ఒక అర్జీ తీసి అతని ముందు పెట్టింది.

సర్కారు బోర్డులు ప్రింటుకి ఇవ్వొద్దని, ఏ మండలంవి ఆ మండలం పెయింటర్ల చేతే రాయించాలని ఏడాదిపాటు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి ఒప్పించిన మనిషి రామూర్తే. ఆ అర్జీ వెనక మండలాల వారీగా రాసిన పేర్లలో, సోంపేటకి ఎదురుగా, వంకర లేని అక్షరాలతో ఇలా ఉంది: ‘ఎజ్రా. ఇతణ్ణి నేను చూడలేదు, బజార్లో ఇతను రాసిన పాత బోర్డులు చూశాను. నాకంటే మంచి చెయ్యి.’