బయటి గడియ

నేను మహిళా సంఘానికి వెళ్లకుండా తమ్ముడు నా గది తలుపుకి బయట గడియ బిగించాడు. వీధిలో తుపాకులతో తిరిగేవాళ్ల హుకుమట.

ఈ ఉదయం భుజాన సంచీతో గడియ తీసి లోపలికొచ్చాడు.

"నేనూ వాళ్లతో పోతున్నానక్కా. అమ్మ జాగ్రత్త."

చటుక్కున బయటికి దూకి గడియ పెట్టేశాను. వాడు తలుపు బాదుతుండగానే వాకిట్లో వాళ్ల జీపు ఆగింది. నేను గోడచాటుకి నక్కాను. అమ్మే ఎదురెళ్లింది.

"ఏంటా చప్పుడు?"

"మా అమ్మాయేనయ్యా. మీరు చెప్పినట్టే గదిలో పెట్టి గడియ వేశాం."

"మంచి పని చేశారు. మీవాడేడీ?"

"మీ దగ్గరికే బయల్దేరాడే!"

బాదుడు ఆగిపోయింది. ఒక్క కేక వేస్తే చాలు, వాళ్లకి వినబడుతుంది.

తమ్ముడు కేక వెయ్యలేదు.

జీపు వెళ్లిపోయాక తలుపు వెనకనుంచి సన్నగా అడిగాడు.

"గడియ సరిగ్గా పడిందా, అక్కా?"