గీతకు అవతలి చేపలు

"నిరుటి కంటే మన దేశంలో సముద్రపు చేపల దిగుబడి పెరిగింది. పక్క దేశంలో సగానికి పడిపోయింది" అని రేడియో చెప్పగానే, వల చిరుగులు కుడుతున్న ఆమె, బోటు నడిపే తన మొగుడి వైపు సంబరంగా తిరిగింది.

"విన్నావా? మన సముద్రానికి మళ్ళీ మంచిరోజులొచ్చాయి. తమ్ముణ్ణి ఆ ఫ్యాక్టరీ పని మానేసి నీ బోటెక్కమని మొన్ననే చెప్పాను."

అతను రేడియో కట్టేశాడు.

"మన నీళ్ళలో ఏముందే? ఊడ్చినా రొయ్యపిల్ల దొరకదు. ఆ చేపలన్నీ పక్కవాళ్ళవి. అందరం సరిహద్దు గీత దాటి పట్టుకొస్తున్నాం."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

"వాళ్ళు ఊరుకుంటారా?"

"నిన్న ఓ ముసలాయన పడవ అడ్డం పెట్టాడు. కొడతాడేమోనని తెడ్డు అందుకున్నా. ఆయన ఖాళీ వల ఎత్తి చూపించాడు, అంతే. భాష రాకపోయినా అర్థమైంది."

"మరి నువ్వేం చేశావు?"

"పక్కనుంచి పోయి వల వేశా."

ఆమె వల పక్కన పెట్టింది. తరవాత ఫోను అందుకుంది.

"తమ్ముడూ, నువ్వు రావద్దురా. ఆ పని వదులుకోకు."

"అదేంటక్కా? చేపలు బాగా పడుతున్నాయన్నావుగా?"

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తలెత్తలేదు.

"పడుతున్నాయిరా. అందుకే వద్దంటున్నా."