మాజీగారి సిఫార్సు

“సారు మీటింగులో ఉన్నారండీ,” అన్నాడు పీఏ, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

మాజీకి నవ్వొచ్చింది. ఆ మాట తనదే. పదేళ్లపాటు ఇదే గదిలో ఈ పీఏని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడు. లోపలి మనిషి కునుకు తీస్తున్నా, పేకాడుతున్నా, అసలు లేకపోయినా మీటింగే. ఇప్పుడు ఎమ్మెల్యే మారాడు గానీ పీఏ మారలేదు, మాటా మారలేదు. బల్లకి అవతలి వైపు నుంచి ఇవతలికి వచ్చి పడింది తానొక్కడే.

ఓడిపోయి ఏడాదైంది. మామూలుగా కూడా ఓడలేదు, సొంత వీధిలోనే మూడో స్థానం. “మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కితే నా పేరు మార్చుకుంటాను,” అని ఫలితాల రోజున నలుగురి ముందూ శపథం చేశాడు. ఆయనకా శ్రమ లేకుండా జనమే మార్చేశారు. ఇప్పుడు వీధిలో అందరికీ ఆయన ‘మాజీ’.

ఆ శపథం ఇవాళ గాలికి పోవడానికి కారణం పక్కన నిలబడ్డ ఆవిడ. నలభై ఏళ్లుంటాయేమో. పొద్దున్నే చేతిలో ఓ ప్లాస్టిక్ కవరుతో మాజీ ఇంటికి వచ్చింది. పాలవాడు తప్ప పని ఉండి ఆ ఇంటికి మనిషి వచ్చి ఎన్నాళ్లయిందో! మాజీ గబగబా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాత దర్జాతో కుర్చీలో కూర్చున్నాడు.

“మా అమ్మాయికి కాలేజీలో సీటొచ్చిందండీ. ఈ కాగితం మీద ఎమ్మెల్యేగారి సంతకం కావాలి. ఇవాళే ఆఖరి రోజు.”

“సిఫార్సు సంతకమా?”

“అలాంటిదే అనుకోండి. ఆయన పెట్టకపోతే చేర్చుకోరట.”

“నా సంతకానికైతే ఇప్పుడు గ్యాస్ బండ కూడా రాదమ్మా. ఆయన ఇంటి దగ్గర ప్రయత్నించారా?”

“ఇంటి దగ్గర దొరకరండీ. తెల్లారకముందే వెళ్తారు, అందరూ పడుకున్నాక వస్తారు. ఫోన్ చేస్తే పీఏ ఎత్తి, చెబుతానంటాడు. వారం నుంచీ చూస్తున్నాను. ఆయన్ని పట్టుకునే కిటుకు మీకే తెలుస్తుందని వచ్చాను.”

మాజీ ఇంకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు. లోపలి నుంచి టీ తెచ్చిన భార్య ఆవిడని ఎగాదిగా చూసి, “వెళ్లండి,” అంది మొగుడితో. “పదేళ్లు జనానికి దొరక్కుండా తిరిగిన విద్య ఇన్నాళ్లకి ఒకరికి పనికొస్తోంది.”

అలా వచ్చి పడ్డాడు ఇక్కడికి.

“చీటీ రాసిచ్చి కూర్చోండి,” అన్నాడు పీఏ.

చీటీలో ‘వృత్తి’ అన్న చోట కలం ఆగిపోయింది. కాసేపు ఆలోచించి ‘ప్రస్తుతానికి ఖాళీ’ అని రాశాడు మాజీ. బెంచీ మీద కూర్చోగానే అది ఓ పక్కకి ఒరిగింది. దానికి ఒక కాలు పొట్టి. పదేళ్లు ఈ ఆఫీసు ఏలినా ఆ సంగతి తెలియలేదు. కూర్చుంటే కదా తెలియడానికి!

గంట గడిచింది, రెండో గంటా గడిచింది. మాజీ మూడోసారి లేచి వెళ్లాడు.

“చెప్పాను కదండీ. రేపు రండి.”

‘రేపు రండి’ కూడా తనదే.

“కాలేజీ నాలుగింటికి మూసేస్తారు,” అంది ఆవిడ మెల్లగా, కవరు అంచులు సరిచేస్తూ. గొంతులో కోపం లేదు. కాచుక్కూర్చోవడం అలవాటైపోయిన మనిషి గొంతు అది. ఇలాంటివాళ్లు ఎంతమంది ఈ పొట్టికాలు బెంచీ మీద కూర్చుని, తాను తలుపవతల కునుకు తీస్తుంటే లేచి వెళ్లిపోయారో! మాజీకి చెవులు వేడెక్కాయి.

“లేవండమ్మా. ముందు గుమ్మంలో కూర్చుంటే ఎమ్మెల్యే దొరకడు. నేను దొరికానా ఎవరికైనా?”

ఆవిడని భవనం చుట్టూ తిప్పి వెనక సందులోకి తీసుకెళ్లాడు. చెత్తకుండీ పక్కన చిన్న తలుపు.

“నేనే గోడ పగలగొట్టించి పెట్టించాను, జనానికి చిక్కకుండా పారిపోవడానికి. నా హయాంలో పూర్తయిన అభివృద్ధి పని ఇదొక్కటే.”

ఆవిడ మొదటిసారి నవ్వింది.

ఒంటిగంటన్నరకి తలుపు కిర్రుమంది. కొత్త ఎమ్మెల్యే బయటికొచ్చాడు, చూపంతా సెల్‌ఫోన్ మీదే. కారు తలుపు తీయబోతుంటే మాజీ అడ్డం వెళ్లి చేతులు జోడించాడు.

“నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఈవిడకి ఒక్క సంతకం పెట్టండి. కావాలంటే వచ్చే ఎన్నికల్లో నేను నిలబడను.”

“అంత పని చేయకండి. మీరు నిలబడితేనే నాకు గెలుపు,” అని నవ్వాడు ఎమ్మెల్యే, ఫోన్ మీంచి చూపు తిప్పకుండానే. ఆ మాట నిజమే కాబట్టి మాజీ కూడా నవ్వాడు.

ఎమ్మెల్యే ఎడంచేతిలో ఫోన్ చూసుకుంటూనే కుడిచేత్తో కాగితం అందుకుని కారు బానెట్ మీద పెట్టాడు. ఆవిడ వేలితో చూపించిన చోట గీసేశాడు. చదవలేదు. చదవకుండా సంతకం పెట్టడంలో మాజీ కూడా ఆయనకి తీసిపోయేవాడు కాదు.

పనైపోయింది. మాజీ ఛాతీ రెండంగుళాలు పొంగింది. పదేళ్ల పదవిలో కాని పని, పదవి పోయాక అయింది!

“మీ అమ్మాయిని బాగా చదువుకోమని చెప్పండమ్మా,” అంటూ ఎమ్మెల్యే కలం జేబులో పెట్టుకున్నాడు. “ఇంతకీ ఎక్కడుంటారు మీరు?”

“మీ ఇంట్లోనేనండీ,” అంది ఆవిడ, ‘తండ్రి సంతకం’ అన్న చోట ఆయన గీసిన గీత ఆరిందో లేదో చూసుకుంటూ.