తలుపు ఎటువైపు?

పాత కచేరీ హాలు తలుపు ఎటువైపు ఉందన్న దగ్గర తండ్రీ కూతుళ్ళకి మాటామాటా పెరిగింది.

"ఎదురుగా ఉంది. పైన చిన్న ఎర్ర బల్బు కూడా," అన్నాడు తండ్రి.

"వెనకుంది నాన్నా. తలుపు తెరిచినప్పుడల్లా మెడకి చల్లగాలి తగిలిందని ఈ ఫోన్ గ్రూపులో పదకొండు మంది రాశారు. పదకొండు మందికీ మతి పోయిందా?"

అనేశాక కూతురు నాలిక్కరుచుకుంది.

తల్లి వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. నాన్న చెప్పిందే ఖాయమని తీర్పిచ్చి వెళ్ళిపోయింది. ఆయన గెలిచినవాడిలా పడక్కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆయనకి మతిమరుపు జబ్బు మొదలై మూడేళ్ళయింది. ముందు తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయేవాడు. తర్వాత మనుషుల పేర్లు. ఒకరోజు ఆఫీసుకి దారి మర్చిపోయి, మూడు వీధులవతల ఎవరి అరుగు మీదో కూర్చుండిపోయాడు. ఇప్పుడు సొంత అన్నయ్య వచ్చినా "కూర్చోండి సార్" అంటున్నాడు.

మిగిలింది ఒక్క సాయంత్రం. పదిహేడేళ్ళ కిందట ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద, నూట ముప్పై మంది కూడా సరిగ్గా పట్టని హాల్లో, ఒక చిన్న బ్యాండ్ చేసిన కచేరీ. అదీ అక్కడక్కడా చిరుగులు పడిన జ్ఞాపకం. ఆ బ్యాండ్ మరుసటి ఏడాదే విడిపోయింది. ఆ రోజు పాటల్ని ఎవరూ రికార్డు కూడా చెయ్యలేదు.

అయినా ఆ కచేరీకి వెళ్ళినవాళ్ళు దాన్ని వదల్లేదు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని గుర్తున్నదల్లా రాసుకుంటారు. భార్య అందులో చేరింది. తను ఒక్క ముక్కా రాయదు. పొద్దున్నే కాఫీ ఇచ్చి, కొత్తగా వచ్చినవి ఆయనకి చదివి వినిపిస్తుంది.

ఇదంతా డాక్టరు చెప్పిన పద్ధతి. వాదించకండి, మీరుగా ఏదీ గుర్తు చెయ్యకండి, వినిపిస్తూ ఉండండి, తనంతట తను పట్టుకుంటే పట్టుకుంటాడు అన్నాడు. మొదట్లో ఆమె తొందరపడి అన్నీ ఒక్కసారే చెప్పేసింది. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమెని ఎవరో మోసగత్తెని చూసినట్టు చూశాడు. ఆ చూపు ఆమె ఇంకా మర్చిపోలేదు.

గ్రూపులో ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టి, యూనిఫారంతోనే వచ్చాడట. చివరి పాటలో కరెంటు పోతే, ఎవరూ చెప్పకుండానే జనం నేల మీద కూర్చున్నారని రాశాడు. ఒక నర్సు ఉంది. ఆ చీకట్లో మైకు లేకుండా వచ్చిన గొంతు విని, చచ్చిపోదామన్న ఆలోచన మానుకున్నానని రాసింది. ఆ వాక్యం చదివిన రోజు భార్య ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు పెరట్లో నిలబడింది.

కండక్టరు, నర్సు, స్తంభం పక్కన నిలబడ్డ దర్జీ, అందరూ రాసిన మాట ఒకటుంది. "పాడుతూ పాడుతూ ఆ గాయకుడు నా వైపే చూశాడు," అని.

"ఆ ఒక్క మనిషికి ఎన్ని కళ్ళమ్మా?" అని కూతురు నవ్వింది.

తండ్రి నవ్వలేదు.

"నేనెక్కడున్నాను?" అని భార్యని అడిగాడు.

"అందరికంటే ముందు."

"అంత ముందున్నా నన్ను చూడలేదే?" అన్నాడు చిన్నబుచ్చుకుని. "వీళ్ళందరి ముఖాలూ కొంచెం కొంచెం తెలుస్తున్నాయి. పాడినాయన ముఖమే ఎంత గింజుకున్నా రావట్లేదు."

ఆమె కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ హాలుని వచ్చే నెల పడగొట్టేస్తారట. ఈ ఆదివారం అందరూ చివరిసారి అక్కడ కలవాలని గ్రూపులో అనుకున్నారు. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో మళ్ళీ అక్కడే నిలబడి, తలో జ్ఞాపకం చెప్పాలి.

వద్దంటే వద్దంది కూతురు. మొన్న ఒక పెళ్ళిలో నలుగురు చుట్టూ మూగేసరికి నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కడ అంతమంది మధ్య ఏమైపోతాడు? ఆ గోడలు కూడా పోయాక ఆయన పట్టుకోవడానికి ఏం మిగులుతుందని తల్లి. నాలుగు రోజులుగా ఇద్దరూ వంటింట్లో గొంతు తగ్గించి ఇదే వాదన. అడగాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన కంచం ఖాళీ చేసి, వేళ్ళు దులుపుకుని, ఏదో లెక్క తేలినట్టు తలూపాడు.

"రేపు నేను వెళ్తాను," అన్నాడు.

కూతురు తల్లి వైపు చూసింది.

"అక్కడ అందరూ ఏదో ఒకటి చెప్పాలట నాన్నా. నువ్వేం చెప్తావు?"

"నేను చెప్పడానికి కాదు, వినడానికి. ఆయన కూడా వస్తాడేమో. దూరం నుంచే, ఒక్కసారి చూసి వచ్చేస్తా. నువ్వూ వస్తావా?" అన్నాడు భార్యతో, కొంచెం మొహమాటంగా. "ఆ గొంతు నువ్వూ విని ఉంటే తెలిసేది."

"వస్తానండి," అంటూ ఆమె, పదిహేడేళ్ళ కిందట ఆ చీకట్లో చివరి పాట పాడిన మనిషి కంచంలో, ఇంకో గరిటె అన్నం వడ్డించింది.