మాంసం జవాబు చెప్పేదాకా

బసిలిసా ఎముక సూదిని హామోన్‌లో గుచ్చి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

పాత నూనె వాసన.

హామోన్లంటే ఉప్పుపెట్టి రెండేళ్లుగా ఆరబెట్టిన పంది తొడలు, నలభై నేలమాళిగలో దూలాలకు వేలాడుతున్నాయి. మొగుడు పోయాక ఆమె ఒంటిచేత్తో చూసుకున్న మొదటి సరుకు. అవి పోతే నేలమాళిగా పోతుంది.

"ఈ ఎండలకి అందరివీ పాడయ్యాయమ్మా, మీవీ అంతే" అని టోకు వ్యాపారి ఫుల్హెన్సియో పొద్దున్నే ఫోన్‌లో ఓదార్చాడు. "కొవ్వు కోసం సబ్బులు చేసేవాడికైనా ఇప్పిస్తా. మధ్యాహ్నం లారీ వస్తుంది."

అంత జాలిపడే వ్యాపారిని ఆ కొండల్లో ఎవరూ చూసి ఎరగరు.

పదకొండింటికి ఓ ముసలాయన టోపీ చేతపట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"తల్లీ, మీ హామోన్లు ఒకసారి చూడొచ్చా?"

"చూడ్డానికేముంది పెద్దాయనా, చెడిపోయాయి."

ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఎవరన్నారు?"

"నా ముక్కే అంది."

ముసలాయన సూది అందుకుని మూడు తొడలు గుచ్చి చూశాడు. నాలుగోదాని దగ్గర కళ్లు మూసుకున్నాడు.

"మీ ఆయన ఏ నెలలో గుచ్చేవాడు?"

"చెస్ట్‌నట్ కాయలు రాలాక, నవంబరులో."

"మరి ఇది ఆగస్టు కదా. ఎందుకాగేవాడో చెప్పలేదా?"

"ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ముప్పై ఏళ్ల కాపురం అలాగే సాఫీగా నడిచింది."

ముసలాయన నవ్వాడు.

"ఎండకి కొవ్వు చెమటోడుస్తుంది. గాలి తగిలి చెడడం మొదలెడుతుంది. మీకొచ్చిన వాసన అదే. లోపల మాంసమూ మెల్లగా విరిగి కంటికి కనపడని ముక్కలవుతుంటుంది. ఆ ముక్కలనే చదువుకున్నవాళ్లు అమైనో ఆమ్లాలంటారు. అవి ఈ చెడిన కొవ్వుతో కలిసి కొత్త వాసన పుట్టిస్తాయి. హామోన్ వాసనంటే అదే."

"అంటే కొవ్వు చెడాలా?"

"కొంచెం చెడాలి. కొవ్వు తొందరపడి తిడుతుంది, మాంసం నిదానంగా జవాబు చెబుతుంది. మీరు తిట్లు మాత్రం విని తలుపేసుకుంటున్నారు."

"లారీ వస్తోందే?"

"ఖాళీగా పంపెయ్యండి."

బసిలిసా ఆయనకి రొట్టె, టమాటాలు పెట్టింది. తిని, పేరడిగితే ఎలూతెరియో అని, ఉండేది కింద ఊరని చెప్పి వెళ్లిపోయాడు.

లారీవాడు గొణిగాడు. "మళ్లీ పిలిస్తే రాం."

"పిలవను నాయనా."

నవంబరులో చెస్ట్‌నట్లు రాలాయి. బసిలిసా సూది గుచ్చింది. వేయించిన బాదం వాసన, వెనకాలే తియ్యటి వెన్న వాసన. వరసగా మిగతా తొడలూ గుచ్చి చూసింది, అన్నిటిదీ అదే వాసన.

సెవిల్యా పట్నం నుంచి వచ్చినవాళ్లు సరుకంతా మంచి ధరకి కొనుక్కుపోయారు. వాళ్లకి చూపించకుండా దాచిన ఒక్క తొడని ఒళ్లో పెట్టుకుని ఆమె కింద ఊరికి బస్సెక్కింది.

ఎలూతెరియో చెల్లెలు నికనోరా నల్లబట్టల్లో తలుపు తీసింది. ఆయన పోయి పదిరోజులైందట.

బసిలిసా హామోన్‌ని బల్లమీద పెట్టింది.

"దేవుడిలా వచ్చాడమ్మా మీ అన్న. ఆయన మాట వల్లే నా ఇల్లు నిలబడింది."

"ఆగస్టులో రొట్టె, టమాటాలు పెట్టింది మీరేనా?" నికనోరా ఆమె చేతులు పట్టుకుంది. "ఆ రాత్రి పని పోగొట్టుకుని వచ్చి, పాడుకుంటూ సూప్ తాగాడు."

"ఏం పని?"

"ఫుల్హెన్సియోకి చవగ్గా దక్కేలా అతని లారీ కంటే ముందెళ్లి, బాగున్న సరుకునీ చెడిందని చెప్పి రావడమే ముప్పై ఏళ్లుగా మా అన్న ఉద్యోగం. ఆ మాట మీరే ముందు అనేసరికి, ఎదురు చెప్పకుండా ఉండలేకపోయాడట."